అంకుడు బొమ్మ – అంగడి గడువు

సంప్రదాయ శిల్పము వ్యాపార సంస్థలతో చేతులు కలిపినచో దాని సొగసు సన్నగిల్లునని పలువురు వాదింతురు. ఆ వాదమును మేము పూర్తిగా అంగీకరింపజాలము. కొనువారు లేనిదే ఏ కళయు నిలువదు. 2017లో పారిసు నగరమున అరకు కాఫీకి దుకాణము వెలసినది. అందువలన గింజ రుచి చెడలేదు గదా!

బొమ్మల సంగతి వేరు. తూర్పు కనుమల అడవులలో పెరుగు అంకుడు కర్ర, కొండల దిగువన వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాకలో తరిణెపై బొమ్మ యగుచున్నది. తిరుగుచున్న కర్రకు లక్కను అదిమిపట్టగా రాపిడి వేడికే కరగి అంటుకొనును. పసుపు, నీలి, జాఫరా గింజల రంగులు ఆ లక్కలో కలిసియుండును. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. ఇది తొందరలో తెమలు పని కాదు.

పెద్ద అంగడివారు వేయి బొమ్మలు, అన్నియు ఒకే ఛాయలో, పక్షము దినములలో కావలెననినచో కళాకారులేమి చేయుదురు? రసాయనపు రంగుడబ్బా తెరతురు. సొగసును చెరచునది ఆ గడువేయని మా తలంపు. 2017లోనే ఈ బొమ్మలకు లభించిన భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడవచ్చును. కొండమీద నరికిన అంకుడు చెట్టును మరల మొలిపింపజాలదు. కావున కొనువారి ఒప్పందములో మొక్కల పెంపకపు ఖర్చును చేరవలెను.

మన కళాశాల సంఘమువారు ఈ వార్షికోత్సవ బహుమతులకు ప్లాస్టిక్ కప్పులు మాని, ఏటికొప్పాకవారికి నాలుగు మాసముల ముందే బయానా చెల్లించి, రంగుల ఎంపికను వారికే విడువవలెనని కోరుచున్నాము.