పిల్లలకు పురావస్తువులు రుచింపవా?



సంక్రాంతి సెలవులలో హైదరాబాదునకు పోవు కుటుంబములు సాలార్‌జంగు ప్రదర్శనశాలను విడిచి, నాంపల్లి నుమాయిషుతోనే తృప్తి నొందవలెనని మీ పత్రికలో వెలువడిన వ్యాసమును చదివి, మౌనము వహింపజాలక ఈ లేఖ వ్రాయుచున్నాను. 1938లో ఆరంభమైన నుమాయిషు చూడదగినదే, కాదనను. కాని పిల్లలకు పురావస్తువులు రుచింపవనుట అన్యాయము. ఆ ప్రదర్శనశాలలో, ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన ముసుగు రెబెకా శిల్పము యెదుట నిలిచి, పాలరాతిలో అంత పలుచని వస్త్ర మెట్లు వచ్చెనని మా పిల్లలు అడిగిన ప్రశ్నలకు పెద్దలము బదులు చెప్పలేకపోతిమి. మార్కాపురపు పలకల గనుల నడుమ పెరిగి, పొరలుగా చీలు రాతినే యెరిగిన యీ బాలురు, గోలకొండ కోటలో బ్రహ్మాండమైన గ్రానైటు గుండ్లనే గోడలలో కలుపుకొని కట్టిన తీరును తడవి చూచిరి. ఆ కోట ఫతే దర్వాజా కడ చరచిన చప్పట్లు బాలాహిస్సారున వినబడుటను స్వయముగా పరీక్షించి పరవశులైరి. వినోదమునకును విద్యకును ఇట్లు వైరము కల్పించుట తగదు. ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు గనుక, గిద్దలూరు, కంభము ప్రాంతములనుండి పోవువారు తక్కిన దినములలో ఒకదానిని పూర్తిగా దానికే కేటాయించి, ఉదయమే లోనికి పోవుట మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మార్కాపురము