పొగ పురుష లక్షణమా?

ఉద్యోగం పురుష లక్షణమన్నది లోకోక్తి. పొగ తాగడం కూడా పురుష లక్షణమేనన్న భావం పల్లెసీమల్లో చిరకాలంగా పాతుకొని ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో భాగమై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన తనకల్లు ప్రాంతం కూడా దీనికి మినహాయింపు కాదు. వేరుసెనగ విత్తి, మబ్బుకోసం ఎదురుచూసే రైతుకు రచ్చబండపై బీడీయే కాలక్షేపం. మీసం మొలిచే ప్రాయంలోని కొడుకు తానూ ఒకటి వెలిగించి, మగవాడినయ్యానని మురిసిపోతాడు. ఈ భావన ఎంత విపరీతమైనదో ఆధునిక జీవశాస్త్రం తేటతెల్లం చేసింది.

పురుషునికి తండ్రి నుండి సంక్రమించేది వై క్రోమోజోము. పుట్టే శిశువు మగబిడ్డ కావడానికి మూలం అదే. అయితే వయసు మీరినకొద్దీ కొన్ని రక్తకణాలు దీనిని కోల్పోతాయి. వృద్ధుల రక్తకణాలలో క్రోమోజోముల సంఖ్య తగ్గుతున్నదని శాస్త్రజ్ఞులు 1963లోనే గమనించారు. పురుషులలో అలా లోపించేది వై క్రోమోజోమని తరువాత తేలింది. ఎముకల మజ్జలోని మూలకణాలు నిరంతరం విభజన చెందుతూ రక్తకణాలను సృష్టిస్తాయి. ఆ విభజనలో ఒక మూలకణం వై క్రోమోజోమును జారవిడిస్తే, దాని సంతతికంతటికీ ఆ లోపం సంక్రమిస్తుంది. కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను ఒక్క మొదలు నుండి ఊడలు దించి ఎకరాలకొద్దీ విస్తరించినట్లే, ఆ ఒక్క కణం సంతతి రక్తమంతటా వ్యాపించవచ్చు.

చాలాకాలం దీనిని తలనెరుపువంటి వార్ధక్య చిహ్నంగానే భావించారు. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెయ్యిమందికి పైగా వృద్ధులను పరిశీలించి, ఈ నష్టం అధికంగా ఉన్నవారిలో ఆయుర్దాయం తక్కువగా, క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్నట్లు కనుగొన్నారు. 2019లో ప్రకటించిన మరొక పరిశోధనలో, బ్రిటన్‌కు చెందిన రెండు లక్షలకు పైగా పురుషులలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ లోపం కనిపించింది. 2022లో వెలువడిన పరిశోధనలో ఎలుకల మజ్జకణాల నుండి వై క్రోమోజోమును తొలగించగా, వాటి గుండె కండరం గట్టిపడి బలహీనమైంది.

వీటన్నిటికంటె ఆలోచింపజేసేది 2015లో వెల్లడైన సత్యం. పొగ తాగేవారిలో ఈ నష్టం అధికం. ఎంత ఎక్కువ తాగితే అంత ఎక్కువ నష్టం. మానివేసినవారి స్థితి మాత్రం ఎన్నడూ తాగనివారి స్థితికి చేరువగా ఉంది. పురుషత్వానికి గుర్తని పీల్చే పొగయే పురుషునికి ప్రత్యేకమైన క్రోమోజోమును రక్తం నుండి వెడలగొడుతున్నదన్నమాట!

ఇందువల్ల పురుషుడు పురుషుడు కాకుండా పోడు. వార్ధక్యంలో ఈ నష్టం కొంత సహజమే. కనుక భయపడి పరీక్షలకు పరుగులు తీయనక్కరలేదు. తాత జీవితమంతా తాగి ఎనభై ఏళ్లు బతికాడని వాదించేవారూ ఉంటారు. ఒక్క ఏడు వానలు కురిసినంత మాత్రాన కరవుసీమ కోనసీమ కానట్లే, ఒక్క తాత దీర్ఘాయువు పొగ నిరపాయకరమని నిరూపించదు. ఆకుతో చుట్టినది కనుక బీడీ హాని చేయదనడమూ భ్రమయే.

మెట్టసేద్యం చేసే కుటుంబంలో పెద్దదిక్కు మంచం పడితే కలిగే నష్టం ఒక పంట నష్టంతో తీరేది కాదు. వైద్యానికి అప్పు, అప్పుకు వడ్డీ, చివరకు చేని అమ్మకం. వంశం నిలవాలని కొడుకు కోసం తపించే తండ్రి, ఆ కొడుకుకు మొదట అందించవలసినది పొగలేని ఇంటిని. బహిరంగస్థలాల్లో ధూమపానాన్ని నిషేధిస్తూ 2003లో చట్టం వచ్చింది. కాని రచ్చబండపై బీడీని ఆర్పవలసినది చట్టం కాదు, వివేకం. వాన కురవడం రైతు చేతిలో లేదు. వయసును ఆపడమూ అతని చేతిలో లేదు. బీడీ మాత్రం అతని చేతిలోనే ఉంది. దానిని పారవేయగల ఆత్మనిగ్రహమే అసలైన పురుష లక్షణం.