మిరప తొడిమలతో నోవహు ఓడ

1959లో డిస్నీ సంస్థ నోవహు కథను 21 నిమిషాల స్టాప్‌మోషన్ చిత్రంగా తీసింది. బిల్ జస్టిస్ దర్శకుడు. ఆస్కార్ నామినేషన్ దక్కిన ఆ చిత్రంలో పాత్రలన్నీ ఇంట్లో దొరికే వస్తువులే: సీసా బిరడాలు, పెన్సిళ్లు. బొమ్మను వెంట్రుకవాసి జరపాలి, ఫొటో తీయాలి, మళ్లీ జరపాలి. తెరమీద ఒక్క సెకనుకు 24 ఫ్రేములు!

గుంటూరు జిల్లా పొన్నూరు పిల్లలకు ఇలాంటి చిత్రం తీయడం చేతగాని పనేం కాదు. సెల్‌ఫోన్, కదలని స్టాండు, మారని వెలుతురు, బోలెడు ఓపిక ఉంటే చాలు. సరంజామా కళ్లాల్లోనే ఉంది. వంపు తిరిగిన మిరప తొడిమ కొంగ మెడకు సరిపోతుంది. ఎండి విచ్చుకున్న పత్తికాయ డొప్పలు రెక్కలకు, దూది మబ్బులకు.

కథ కొత్తదా? కాదు. లూథరన్ మిషనరీ హెయర్ గుంటూరు వచ్చింది 1842లో. నోవహు ఓడ ఇక్కడి సండేస్కూలు పిల్లలకు కంఠోపాఠం. అలాంటిదే, జలప్రళయంలో మనువును చేప కాపాడిన కథ పక్కింటి పిల్లలకూ తెలుసు.

నీటి సంగతి ఈ తీరానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను.

అందుకే బడులు ఈ వేసవిలోనే పిల్లల చేత రెండు నిమిషాల చిత్రమైనా తీయించాలి. ఉప్పెన చూసిన పెద్దలను పిలిచి, నీళ్లు ఎటునుంచి ఎలా వచ్చాయో ముందే అడిగి రాసుకోవాలి.