చేతికి అందని మీట

“అక్కా, నువ్వయినా వాడికి బుద్ధి చెప్పవే!” అంటూ పొద్దున్నే మా చెల్లెలు ఫోను. అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి కారు షెడ్డులో విమానం కడుతున్నాడట. బొమ్మ విమానం కాదు, ఇద్దరు కూర్చుని ఎగిరేదే! కుక్కరుకు గాస్కెట్ మార్చడం రానివాడికి విమానమేమిటని నవ్వాను గానీ, రాత్రి వాడితో మాట్లాడాక ఆ నవ్వు పోయింది.

అక్కడ ఇదేమీ వింత కాదు. ఆరెగాన్ రాష్ట్రంలోని వేన్స్ అనే కంపెనీ విడిభాగాలు పెట్టెల్లో పెట్టి పంపుతుంది. ముందు తోక, తరవాత రెక్కలు, ఆ తరవాత మనిషి కూర్చునే భాగం. అల్యూమినియం రేకులకు వేల రివెట్లు మనమే కొట్టుకోవాలి. ఈ కంపెనీ రకాలు ఇప్పటికి పదివేలకు పైగా ఎగిరాయి. సగానికి మించిన పని సరదా కొద్దీ కట్టుకునేవాళ్లే చెయ్యాలని అక్కడి నియమం. పూర్తయ్యాక తనిఖీ ఉంటుంది. ఆ పైన కూడా సాధారణంగా 25 నుంచి 40 గంటలు ప్రయాణికులను ఎక్కించుకోకుండా ఎగిరి చూడాలి.

“ఇన్ని జాగ్రత్తలున్నాయి కదా, అమ్మకి భయమెందుకు పెద్దమ్మా?” అన్నాడు. అప్పుడు నేను వాడికి జాన్ డెన్వర్ సంగతి గుర్తుచేశాను.

ఆయన పేరున్న అమెరికా గాయకుడు. వేల గంటలు విమానం నడిపినవాడు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర సముద్రంలో కూలి చనిపోయాడు. అప్పటికి 53 ఏళ్లు. అది బర్ట్ రుటాన్ ప్లాన్లు చూసి ఎవరో కట్టుకున్న ‘లాంగ్-ఈజీ’ విమానం. డెన్వర్ దాన్ని కొత్తగా కొనుక్కున్నాడు. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మార్చే మీట, ప్లాను ప్రకారం, నడిపేవాడి కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన ఇంధనం గొట్టాలు మనిషి దగ్గరికి రాకూడదనుకుని దాన్ని ఎడమ భుజం వెనక్కి పెట్టాడు. ఉద్దేశం మంచిదే!

ఎగిరే ముందు డెన్వర్‌కు ఆ మీట సరిగ్గా అందలేదు. పట్టకారు తగిలించి చూసినా లాభం లేకపోయింది. ఇంధనం పోయిస్తారా అంటే అక్కర్లేదన్నాడు. మీట కోసం వెనక్కి తిరుగుతూ, తెలియకుండానే కుడికాలి పెడల్ నొక్కి అదుపు తప్పాడని విచారణ సంఘం 1999లో తేల్చింది. ఇంధనం పోయించుకోకపోవడం, ఆ విమానంలో చాలినంత తర్ఫీదు లేకపోవడం, మీట ఉన్న చోటు, అన్నిటినీ తప్పుపట్టింది.

“నువ్వేమైనా ప్లాను తప్పించావురా?” అన్నాను. కాసేపు మాట లేదు. “ఒక స్విచ్ పక్కకి జరుపుదామనుకున్నాను, చూడ్డానికి బాగుంటుందని. ఇక జరపన్లే పెద్దమ్మా” అన్నాడు. చెల్లెలికి అదే చెప్పాను. కట్టుకోనివ్వవే, అడిగితే చెప్పే మనిషి వెనకాల ఉంటే చాలని.

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లానా, మా సిలిండరు గట్టు కింద అలమరలో, బియ్యం డబ్బా వెనకాల ఉంది! రెగ్యులేటరు గోడవైపు తిరిగి ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. స్టవ్ దగ్గర మంట లేస్తే ఏ చేత్తో కట్టేస్తాను? మంట మీదుగా వంగా, డబ్బా లాగా?

ఆ రాత్రే డబ్బా తీసేశాను. రెగ్యులేటరు ముందుకు తిప్పించాను. ఎలా కట్టాలో మా అత్తగారికీ పిల్లలకీ చూపించాను. గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోవద్దని, ముందు రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తియ్యమని చెప్పాను.

మన వంటిల్లు కట్టేది మేస్త్రి, అలమరలు చేసేది వడ్రంగి, అందులో నిలబడేది మనం. రేపు పొయ్యి వెలిగించే ముందు, మీరు నిలబడే చోటే నిలబడి కళ్లు మూసుకుని రెగ్యులేటరు మీద చెయ్యి వెయ్యండి. అందిందా?