పారుడు రోగ నిర్మూలన: టీకా సామర్థ్యం కన్నా మేకపిల్లల వయసే కీలకం

2024 జూలైలో రొమేనియా, గ్రీస్ దేశాలలో పి.పి.ఆర్. వ్యాధి తొలిసారిగా బయటపడింది. వ్యాధి సోకిన మందలలోని గొర్రెలను, మేకలను వధించి, జీవాల రవాణాపై ఆంక్షలు విధించి అక్కడి ప్రభుత్వాలు దానిని అదుపు చేయవలసి వచ్చింది. తెలుగు ప్రాంతాల పెంపకందారులు పారుడు రోగంగా పిలిచే జబ్బు ఇదే. భారతదేశంలో ఇది మొదట 1987లో తమిళనాడులోని అరసూర్ గ్రామంలో నిర్ధారణ అయింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్ల మేకలున్నాయి. ఇంటికి పాలు, అవసరానికి నాలుగు రూపాయలు ఇచ్చే రెండు మూడు జీవాలే ఆస్తిగా గల కుటుంబాలకు మందను వధించే విధానం వర్తించదు. అందువలన ఇక్కడ నియంత్రణ భారమంతా టీకా పైననే ఉన్నది.

ఈ వ్యాధిని కలిగించే వైరస్ దాడి చేసేది రోగనిరోధక వ్యవస్థ పైననే. శ్వాసమార్గం గుండా ప్రవేశించి, తెల్లరక్తకణాలలోని లింఫోసైట్లను పట్టుకొని, వాటిలోనే వృద్ధి చెంది, వాటిని నశింపజేస్తుంది. జ్వరం, ముక్కు నుండి చీమిడి, నోటి పుండ్లు, ఆ పేరుకు కారణమైన పారుడు ఆ తరువాత కనిపిస్తాయి. రక్షణ సన్నగిల్లిన శరీరంలో మామూలుగా నిద్రాణంగా ఉండే బాక్టీరియాలు విజృంభించి న్యుమోనియా కలిగిస్తాయి. అనేక మేకలు చనిపోయేది ఈ రెండవ దెబ్బకే. చూలు మేకలు ఈడ్చుకుపోతాయి. అయితే కోలుకున్న మేకకు తిరిగి ఈ వ్యాధి సోకదు.

ఆ రక్షణను జబ్బు లేకుండానే కల్పించేది టీకా. హిమాచల్ ప్రదేశ్‌లోని సుంగ్రి ప్రాంతపు మేక నుండి సేకరించిన వైరస్‌ను బలహీనపరచి, భారత పశువైద్య పరిశోధన సంస్థ ముక్తేశ్వర్ కేంద్రంలో శాస్త్రవేత్తలు రూపొందించిన టీకా ఒక్క మోతాదుతో కనీసం మూడేళ్లు రక్షణ ఇస్తుంది. అంతకు ముందు దగ్గరి బంధువైన పశువుల రిండర్‌పెస్ట్ టీకానే మేకలకూ వేసేవారు. రిండర్‌పెస్ట్ నిర్మూలన నిఘాకు ఆ యాంటీబాడీలు అడ్డురావడంతో అది నిలిపివేయబడింది. 2011లో రిండర్‌పెస్ట్ ప్రపంచం నుండే తొలగిపోయింది. పి.పి.ఆర్.కు 2030 సంవత్సరాన్ని గడువుగా 2015లో నిర్ణయించారు.

టీకా మంచిదే అయినా వ్యాధి ఎందుకు మిగిలి ఉన్నది? సమాధానం చాలావరకు ముర్రుపాలలో ఉన్నది. టీకా పొందిన లేదా కోలుకున్న తల్లిమేక తన యాంటీబాడీలను ముర్రుపాల ద్వారా పిల్లకు అందిస్తుంది. మూడు నాలుగు నెలల వరకు అవి పిల్లను కాపాడుతాయి. ఆ వ్యవధిలో టీకా వేస్తే ఆ యాంటీబాడీలే టీకా వైరస్‌ను నిర్వీర్యం చేస్తాయి. మోతాదు ఖర్చవుతుంది, రక్షణ మాత్రం కలుగదు. తల్లి ఇచ్చిన రక్షణ తరిగాక టీకా అందని పిల్ల వైరస్‌కు సులువుగా చిక్కుతుంది. మేకలు ఒకే ఋతువులో కాక ఏడాది పొడవునా ఈనుతుంటాయి. ఊరికి ఏటా ఒక్కరోజు జరిగే టీకా శిబిరం ఎంత శ్రద్ధతో నిర్వహించినా, ఆనాటికి వయసు చాలని పిల్లలు ఆ ఏటికి మిగిలిపోయినట్లే.

2010లో కేంద్ర సహాయంతో ప్రారంభమైన నియంత్రణ కార్యక్రమంలో సాధారణంగా ప్రకటించేది వేసిన మోతాదుల సంఖ్య. అది శ్రమకు కొలత, రోగనిరోధక శక్తికి కాదు. టీకాకు ముందు, తరువాత రక్తనమూనాలలో యాంటీబాడీలను పరీక్షించినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. బెంగళూరులోని జాతీయ పశురోగ విజ్ఞాన సంస్థ ఇటువంటి పరీక్షలలో పాలుపంచుకొంటున్నది. ఇక్కడ ఒక చిక్కున్నది. ప్రస్తుత టీకాతో వచ్చిన యాంటీబాడీని, జబ్బుతో వచ్చిన దానిని ఈ పరీక్ష వేరుచేయలేదు. టీకా ఎప్పుడు ఏ జీవానికి వేశారన్న రికార్డు లేకుంటే ఫలితం అర్థం కాదు. జిల్లా గణాంకాలు కోరే విలేకరులు మోతాదులతో పాటు నాలుగు నెలలు దాటిన పిల్లలలో ఎన్నింటికి టీకా అందిందో కూడా అడగడం సముచితం.

తొలి శిబిరం ముగిసిన నాలుగు నెలలకు అవే గ్రామాలలో కేవలం పిల్లలకై మరోసారి టీకా వేయడం, అందాకా పుట్టిన పిల్లల జాబితాను పెంపకందారుల సాయంతో గోపాలమిత్రలు, పశువైద్య సిబ్బంది సిద్ధం చేసుకోవడం పెద్ద ఖర్చు లేని పని. కరిగించిన టీకాను మంచులోనే ఉంచి కొద్ది గంటలలో వాడవలసి ఉంటుంది గనుక, ఆ జాబితాను బట్టే ఒక్కో గ్రామానికి ఎన్ని సీసాలు తెరవాలో ముందుగా నిర్ణయించుకోవచ్చు.