ఇంటి తెలుగు బరువా?

ఇంట తెలుగు, బడిలో తమిళమో కన్నడమో. పిల్లల బుఱ్ఱకు రెండు భాషల బరువేల అని మనవారే కొందరు వాదించుచున్నారు. ఈ వాదము సరికాదు.

మెదడు రక్తనాళము మూసుకొని పక్షవాతము సోకగా హైదరాబాదు నిమ్స్‌లో చికిత్స పొందిన 608 మందిని గూర్చిన పరిశోధన 2016లో వెలువడినది. జ్ఞాపకము, ఆలోచన చెడక నిలిచినవారు ఒకే భాష యెరిగినవారిలో 19.6 శాతము, రెండు లేక అంతకు మించి యెరిగినవారిలో 40.5 శాతము. మాట పడిపోవుటలో మాత్రము భేదము కానరాలేదు.

భాష మందు కాదని మేమెరుగుదుము. నోరు వంకరపోయినను, చేయి వాలినను తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. గడ్డ కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలసినది. పిదప వ్యాయామము, మాటల శిక్షణ విడువరాదు.

అయితే రెండు భాషలవారికి మాట తిరిగివచ్చునపుడు రెండును సమముగా రాకపోవచ్చును. అవ్వకు తెలుగే ముందు వచ్చినచో, తెలుగెరుగని మనుమడు ఏమి బదులు పలుకును? రాష్ట్రభాషను చక్కగా నేర్వుడు. ఇంటి తెలుగును మాత్రము విడువకుడు.