డబ్బా ఇచ్చి పోవుడు కాదు, పనిచేసే మనిషికి పైసలియ్యాలె



పోస్టు పొడుగ్గనే ఉంటది. ఓపికతో చివరిదాక చదవాలని మనవి. ఈ మధ్య మన గ్రూపులో "ఫలానా సంస్థ పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది", "ఫలానా కంపెనీ డిజిటల్ ల్యాబ్ పెట్టింది" అని ఫొటోలు మస్తు వస్తున్నయ్. కింద వరుసగా దండాలు, థ్యాంక్యూలు. ఇచ్చినోళ్లకు థ్యాంక్స్ చెప్పుడు తప్పు కాదు. కానీ ఫొటో దిగిన ఆరు నెలలకు ఆ ట్యాబ్ ఎక్కడుందో, ఆ ల్యాబ్ తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఎవ్వరూ పోస్టు పెట్టరు. ఆ మాట ఇయ్యాల మేం మాట్లాడుతున్నం.

మేం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లల్ల ఉండి డిగ్రీ చదువుకునేటోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. అందుకే ఆదివారం తండాకు పోతే మా కోసం ఒక వరుస నిలబడి ఉంటది. ఒకరి చేతిల ఆధార్ కార్డు, ఒకరి చేతిల బ్యాంకు పాసుబుక్కు, ఒకరి చేతిల కాలేజీ సీటు కాయితం. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ రెన్యువల్ చెయ్యాలె. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో ఏం అడుగుతరో చెప్పాలె. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయిందా లేదా చూడాలె. మా యాడి, బాపు వయసోళ్లకు ఇవన్నీ ఒక్కటే మాట: "ఆన్‌లైన్ పని". ఆ ఆన్‌లైన్ పని చెయ్యనీకె మాకు జీతం లేదు, బస్ చార్జీ లేదు, డాటా ప్యాక్ కూడ మా జేబుదే.

ఇది చిన్న పని అనుకోవద్దు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీల హాజరు ఫోన్ యాప్‌లో రోజుకు రెండు ఫొటోలతో తియ్యాలన్నరు. 2024 జనవరి 1 నుంచి కూలి పైసలు ఆధార్ ఆధారంగనే పడాలన్నరు. జాబ్ కార్డు మీద పేరు ఒక తీరు, ఆధార్ మీద పేరు ఇంకో తీరు ఉంటే చేసిన కష్టం కూలి ఆగిపోతది. స్కాలర్‌షిప్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటే ఫీజు రాదు, ఫీజు రాకపోతే కాలేజీల సర్టిఫికెట్లు ఇయ్యరు. అట్ల చదువు ఆగిన దోస్తుల పేర్లు మనందరికీ తెలుసు. పార కంటే ముందు ఫోన్ అవసరమైన కాలం వచ్చింది. ఆ ఫోన్ పట్టుకొని పక్కన కూసునే మనిషి కోసం మాత్రం ఏ గ్రాంటులోనూ ఒక లైన్ లేదు.

మరి గ్రాంటుల పేరు మీద ఏం వస్తున్నది? డబ్బాలు వస్తున్నయ్. మాలో కొందరం చదువుకున్న ఒక హాస్టల్‌కు ఒక సంస్థ కంప్యూటర్లు ఇచ్చింది. రిబ్బన్ కట్ చేసిన్రు, పేపర్ల వచ్చింది. ఏడాది తిరగకముందే యూపీఎస్ బ్యాటరీలు పోయినయ్. బ్యాటరీలు మార్చనీకె బడ్జెట్ లేదు, నెట్ బిల్లు ఎవరు కట్టాలో ఎవరికీ తెల్వదు, నేర్పేటోడు అసలే లేడు. కంప్యూటర్ల మీద కప్పిన బట్ట మాత్రం మంచిగ ఉతికి కప్పుతుండిరి, ఎందుకంటే ఎప్పుడన్న ఇన్‌స్పెక్షన్ వస్తదని. దేశవ్యాప్త పథకాల తీరు కూడ దీనికి దూరం లేదు. 2017ల మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికొకరి చొప్పున 6 కోట్ల మందికి నేర్పుతమన్నది. కోర్సు 20 గంటలు. లక్ష్యం దాటినమని 2024 మార్చిల ముగించిన్రు. లెక్క మొత్తం సర్టిఫికెట్లల్లనే నడిచింది. సర్టిఫికెట్ వచ్చిన మన పెద్దమ్మ ఇయ్యాల తన పింఛన్ పడ్డదో లేదో తనే చూసుకుంటుందా అన్నది ఆ లెక్కల లేదు.

"ఉచితంగ వచ్చేదానికి వంకలు పెడుతరా?" అని కొందరు అన్నలు అంటున్నరు. ఇక్కడనే ఆగి ఆలోచించాలె. ఇది ఉచితం కాదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడిట్ల ఏ ఒక్కటున్నా ఆ కంపెనీ గత మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టి తీరాలె. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్ల ఉంది. దేశం మొత్తం మీద ఈ ఖర్చు ఏటా 25 వేల కోట్లు దాటుతున్నది. అంటే ఇది దాత దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. అదే సెక్షన్‌ల కంపెనీ నడిచే ప్రాంతానికి, చుట్టుపక్కల ఊర్లకు ప్రాధాన్యం ఇయ్యాలని రాసి ఉంది. తర్వాత 2021ల కేంద్రం ఇచ్చిన వివరణల "అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు" అన్నరు. గనులు మన పక్కన, లాభం లెక్క ఇంకో పట్నంల, ప్రాధాన్యం వాళ్ల ఇష్టం!

మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం, దామరచర్ల దిక్కు ఒక్కసారి పోయి చూడున్రి. సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, వీర్లపాలెం కాడ 4000 మెగావాట్ల థర్మల్ కేంద్రం. వాటి నడుమనే మన తండాలు. రోడ్డు మీద లారీల దుమ్ము మనకు రోజూ అందుతనే ఉంది, దానికి ఏ ప్రాధాన్యం రూలూ అవసరం పడలేదు. సున్నపురాయి మీద ఇంకో పద్దు కూడ ఉంది. 2015ల గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టిన్రు. పాత లీజులైతే రాయల్టీకి అదనంగ దాంట్ల 30 శాతం, 2015 జనవరి 12 తర్వాత వేలంల పోయినవైతే 10 శాతం ఈ నిధికి కట్టాలె. గనుల వల్ల నష్టపోయిన ఊర్ల తాగునీళ్లు, ఆరోగ్యం, చదువు, నైపుణ్యాల కోసమే ఆ పైసలు. మన పిల్లల డిజిటల్ పని ఈ పద్దుల ఎందుకు ఉండకూడదు?

సరే, పైసలున్నయ్, మన తండా యువజన సంఘమే అడుగుదాం అంటే తలుపు కాడనే ఆపుతరు. ఈ నిధులు తీసుకొని పనిచెయ్యాలంటే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలె, ఆదాయపు పన్ను 12ఏ, 80జీ ఉండాలె, 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం నంబర్ ఉండాలె, అసొంటి పనిల మూడేండ్ల అనుభవం చూపాలె. దొంగ సంస్థలను ఆపనీకె రూల్స్ ఉండాలె, కాదనం. కానీ పదేండ్ల నుంచి ప్రతి ఆదివారం తండాల పనిచేసే పోరగాళ్ల అనుభవానికి కాయితం లేదు. హైదరాబాద్‌ల ఏసీ ఆఫీసున్న సంస్థకు కాయితం ఉంది. ఆ సంస్థ మన తండా పేరు మీద పైసలు తెచ్చుకుంటది, మా హాస్టల్‌కు వచ్చి "వాలంటీర్లు కావాలె" అంటది. పని మాది, రిపోర్టు వాళ్లది. మాకు టీషర్టు, సమోస.

ఇంకో విచిత్రం చూడున్రి. గూగుల్ సేవా సంస్థలకు నెలకు 10,000 డాలర్ల దాక ఉచిత ప్రకటనలు ఇస్తది. మన రూపాయలల్ల ఎనిమిది లక్షల పైమాటే. వెబ్‌సైట్ ఉన్న పెద్ద సంస్థకు అది పనికొస్తది కావచ్చు. కానీ అది చేతికొచ్చే పైసలు కాదు, గూగుల్‌ల వెతికేటోళ్లకు కనపడే ప్రకటన. మన అవ్వ గూగుల్‌ల వెతకదు, మనుమరాలిని పిలుస్తది. ఎనిమిది లక్షల ప్రకటన కన్నా ఆ మనుమరాలికి నెలకు ఒక రీచార్జ్ ఎక్కువ సేవ.

ఇంకా భాష సంగతి ఉండనే ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌ల 22 భాషలున్నయ్. సంతాలీ, బోడో 2003ల ఎక్కినయ్. మన గోర్ బోలి ఇంకా బయటనే ఉంది. కేంద్రం 2022ల తెచ్చిన భాషిణి కూడ ఆ 22 భాషల కోసమే పెట్టింది. అంటే ఫోన్ మాట్లాడుడు నేర్చుకున్నా మన అవ్వతోని మాట్లాడదు. తెలుగు ఫారం చదివి గోర్ బోలిల అర్థం చెప్పేది ఇయ్యాల ఏ యాప్? మేమే ఆ యాప్. మమ్మల్ని చార్జింగ్ పెట్టేటోడే లేడు.

గ్రాంటులన్నీ దండగ అని మేం అనట్లేదు. సరిగ్గ ఇస్తే ఏమైతదో మన పాత నల్గొండ జిల్లానే చూపించింది. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపిన నేతన్న. అమ్మ ఆసు పోసీ పోసీ భుజం నొప్పితో పడే బాధ చూసి 1999ల ఆసు యంత్రం తయారు చేసిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆయనకు ముందు ఎవరో వచ్చి యంత్రం దానం చెయ్యలేదు. బాధ తెలిసినోడే పనిముట్టు చేసిండు, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అసొంటి సంస్థలు తర్వాత తోడు నిలబడ్డయ్. ఛత్తీస్‌గఢ్‌ల 2010ల మొదలైన సీజీనెట్ స్వర చూడున్రి. స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్ల నంబర్ కొట్టి గోండు మనిషి గోండిలనే తన ఊరి సమస్య రికార్డు చేస్తడు, మిగతావాళ్లు ఫోన్‌లనే వింటరు. దానికి కూడ బయటి నిధులు, బయటి ఇంజినీర్ల సాయం అందింది. తేడా ఏంది? సాయం బయటనుంచి వచ్చింది, గొంతు మాత్రం లోపలిది.

ఇప్పుడు లెక్క చెప్తం. మూడు పట్టణాల హాస్టళ్ల నుంచి 20 మంది. ఒక్కొక్కరు నెలకు నాలుగు ఆదివారాలు, రోజుకు 500 రూపాయలు. నెలకు మనిషికి 2,000. ఏడాదిల పది నెలలకు మొత్తం 4 లక్షలు. 2024 నవంబర్ నుంచి మా మెస్ చార్జీనే నెలకు 2,100. అంటే ఒక విద్యార్థి తిండి ఖర్చు కన్నా తక్కువకు ఒక తండాకు నెలంత ఆన్‌లైన్ పనుల దిక్కు దొరుకుతది. "సేవకు పైసలెందుకు?" అని అడిగేటోళ్లకు ఒకటే మాట: రిపోర్టు రాసే కన్సల్టెంట్ సేవ చేస్తున్నడా, జీతం తీసుకుంటున్నడా? అమ్మానాన్న కూలికి పోతే గాని గడవని ఇంటి పిల్లలనే ఉచితంగ పనిచెయ్యమనుడు ఏ న్యాయం?

"జీతాలకు ఇయ్యనీకె రూల్ ఒప్పుకోదు" అని ఒక మాట చెప్తరు. నమ్మకున్రి. 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత పరిపాలన ఖర్చు మీద మాత్రమే. ప్రాజెక్టును నేరుగ నడిపే ఖర్చు దాంట్ల లెక్కకు రాదు. ఇంకోటి, 2021 సవరణ ప్రకారం ఈ నిధులతో కొన్న ఆస్తి లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాల పేరు మీద, సమూహాల పేరు మీద కూడ పెట్టొచ్చు. అంటే ట్యాబ్‌లు, ప్రింటర్ మన తండా మహిళా సంఘం పేరు మీద ఉండొచ్చు. చట్టం అడ్డం లేదు, మనసే అడ్డం.

అందుకే మా డిమాండ్లు ఇవి.

ఒకటి, తండాల పేరు మీద వచ్చే ఏ టెక్నాలజీ గ్రాంటులోనైనా పనిచేసే స్థానిక విద్యార్థులకు గౌరవ వేతనం రాసి ఉండాలె.

రెండు, వస్తువు ఇస్తే మూడేండ్ల రిపేరు, నెట్, కరెంటు ఖర్చు దాంతోనే ఇయ్యాలె. లేకపోతే ఆ వస్తువు వద్దు.

మూడు, కాయితాలున్న పెద్ద సంస్థలు చిన్న తండా సంఘాలను భాగస్వాములుగ రాసుకోవాలె, మూడేండ్లల్ల వాటికి సొంత రిజిస్ట్రేషన్ వచ్చేటట్టు చెయ్యాలె.

నాలుగు, ఏం కావాలో ముందు తండాల కూసోని అడగాలె. నాయక్, కారోబారి, సర్పంచ్‌తోని పాటు ఆడోళ్లు, చదువుకునే పిల్లలు ఆ కూటమిల ఉండాలె.

ఐదు, మన వాళ్ల ఆధార్ నంబర్లు, ఫొటోలు దాత రిపోర్టుల కోసం ఎక్సెల్ షీట్ల ఎక్కించుడు బంద్ కావాలె. 2023ల వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మన అవ్వకు కూడ ఆ హక్కు ఉంది.

ఇగ మన దిక్కు మాట. అడిగేటోళ్లం కాబట్టి మన లెక్క కూడ శుభ్రంగ ఉండాలె. ప్రతి ఆదివారం ఏ తండాల ఎన్ని దరఖాస్తులు చేసినం, ఎన్ని అయినయ్, ఎన్ని ఆగినయ్, ఎందుకు ఆగినయ్, ఒక నోటుబుక్కుల రాద్దాం. ఎవరి ఓటీపీ, పాస్‌వర్డ్ మన ఫోన్ల ఉంచుకోవద్దు. ఎవ్వరి దగ్గర రూపాయి తీసుకోవద్దు. ఆ నోటుబుక్కే రేపు మన మూడేండ్ల అనుభవం కాయితం అయితది.

ఇంకో పని. కంపెనీలు తమ బోర్డు ఒప్పుకున్న సామాజిక బాధ్యత ప్రాజెక్టుల వివరాలు తమ వెబ్‌సైట్‌ల పెట్టాలని రూల్ ఉంది. కామర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన దగ్గర ఉన్న ఫ్యాక్టరీలవి తీసి, ఏ ఊరికి ఎంత రాసిన్రో చూసి గ్రూపుల పెట్టున్రి. మిగతావాళ్లం ఆ ఊర్లకు పోయి ఆ డబ్బాలు బతికున్నయో లేదో చూసొస్తం. జిల్లా ఖనిజ నిధి లెక్కలు ఆర్టీఐ కింద అడుగుదాం. సూర్యాపేటకు ఒకటి, మిర్యాలగూడ వచ్చేది నల్గొండ జిల్లా కిందికి కాబట్టి అక్కడికి ఇంకోటి, రెండు దరఖాస్తులు వెయ్యాలె. ఒక్కో దానికి ఫీజు 10 రూపాయలు, అది మనమే పెట్టుకోగలం.

మూడు హాస్టళ్ల నుంచి ఎవరెవరు వస్తరో పేరు, తండా, ఖాళీగ ఉండే ఆదివారాలు రాయున్రి. ఆడపిల్లల హాస్టళ్ల నుంచి ముందుగాల రావాలె, ఎందుకంటే తండాల ఆడోళ్ల ఫోన్ కష్టాలు మాకన్న వాళ్లకే ఎక్కువ ఎరుక.

జై సేవాలాల్. జై భీమ్.

ఇట్లు,
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్ల గిరిజన విద్యార్థులం